రాని రోజుల ఫీజు

పదకొండు గంటలకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన కాసేపటికే తొట్టెలలోని ఏడు నెలల పిల్ల లేచి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకు పక్క చాప మీద నిద్రపోతున్న ఇద్దరు లేచారు. వంటింట్లో పప్పు పొంగి స్టవ్ ఆరిపోయింది. హేమలత చంటిపిల్లను చంకనేసుకొని వెళ్లి గ్యాసు కట్టేసి, "అవ్వా, గా చిన్నోళ్లను జెర అర్సుకో" అని కేకేసింది.

ముందు గదిలోంచి జవాబు రాలేదు. వచ్చి చూస్తే, సాయానికి పెట్టుకున్న ముసలామె మొగిలవ్వ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో రెండున్నరేళ్ల అక్షిత మగతగా పడుకుంది.

"ఈ పొల్ల ఒళ్లు పెనం లెక్క కాలుతంది బిడ్డా" అంది మొగిలవ్వ. "పొద్దుగాల అచ్చినప్పుడు మంచిగనే ఉండె."

హేమలత పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసి వెంటనే తీసేసింది. పొద్దున పిల్లను అప్పగించేటప్పుడు తల్లి రజిత ఎందుకు అంత తొందరపడిందో ఇప్పుడు అర్థమైంది. రోజూ గడప దగ్గర ఆగి బిడ్డను రెండుసార్లు ముద్దుపెట్టుకునే మనిషి, ఇవాళ సంచి కింద పెట్టి వెనక్కి చూడకుండా పోయింది.

"అక్షితా, అమ్మ నీకు మందు తాపిందా?"

పిల్ల కళ్లు తెరవకుండానే, "తియ్యటిది" అంది.

హేమలతకు ఒళ్లు మండింది. జ్వరం ఉన్న పిల్లను తేవద్దని చెప్పి ఇంకా నెల కాలేదు. నోటితో చెప్పడమే కాదు, కాగితం మీద రాసి తలుపు వెనక అంటించింది కూడా.

సిరిసిల్లలో హేమలత ఉండే వాడంతా నేత పనివాళ్లది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆమె భర్త ఎల్లేశం సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. నేసిన మీటర్ల లెక్కన వారానికోసారి కూలి. హేమలత పెళ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలు చుట్టింది. పన్నెండేళ్లకు దగ్గు పట్టుకుంది. తంబాకు ముట్టుకుంటే బతకవని డాక్టరు అన్నాడు. సరిగ్గా అప్పుడే ఊరి బయట బట్టలు కుట్టే ఫ్యాక్టరీ తెరిచారు. వాడలోని ఆడవాళ్లు కుట్టు మిషన్ల మీదికి పోసాగారు. పక్కింటామె తన పిల్లను ఎక్కడ వదలాలో తెలియక హేమలత దగ్గర వదిలింది. ఒక్కరు ముగ్గురయ్యారు. మూడేళ్లలో ఎనిమిది మంది అయ్యారు. బోర్డు లేదు, పేరు లేదు. అందరూ హేమక్క ఇల్లు అంటారు.

ఎనిమిది మందిలో ఏడుగురు ఫ్యాక్టరీ తల్లుల పిల్లలు. నెలకు పద్దెనిమిది వందలు. ఎనిమిదోవాడు విజయ మేడం కొడుకు అరవింద్. ఆమె చందుర్తి దిక్కు ఒక సర్కారు బడిలో టీచరు. వాడికి మూడు వేలు. అందరూ సరిగ్గా ఇస్తే పదిహేను వేల ఆరువందలు. అందులోంచే నాలుగున్నర వేల కిరాయి, మొగిలవ్వకు మూడు వేలు, పాలు, బియ్యం, పప్పు, గ్యాసు.

కానీ సరిగ్గా వచ్చిన నెల లేదు. పిల్ల రాని రోజుకు తల్లులే లెక్క కట్టి తీసేసుకునేవారు. "పిల్ల రాకపాయె గదక్కా, ఏం తిన్నది నీ కాడ?" అనేవారు. అదీ నిజమే అనిపించేది హేమలతకు. కానీ ముగ్గురే వచ్చినా పాలవాడు రెండు లీటర్లు పోసి పోయేవాడు. ఇంటాయన కిరాయి తగ్గించేవాడు కాదు. మొగిలవ్వ పొద్దున ఏడున్నరకు రావలసిందే. వినాయక చవితి నెలలో వానలు, కళ్లకలకలు కలిసి చేతికి తొమ్మిది వేల ఎనిమిది వందలే వచ్చాయి. అదే నెలలో ఆర్డర్లు లేక సాంచాలు సగం ఆగిపోయాయి. ఎల్లేశం అన్నదానాల వంటల దగ్గర గిన్నెలు మోయడానికి పోసాగాడు. మొగిలవ్వ జీతం పన్నెండు రోజులు ఆలస్యమైంది.

అప్పుడే హేమలత తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను కొనుక్కొచ్చి నాలుగు మాటలు రాసింది. నెల ఫీజు ఐదో తారీఖు లోపల ఇవ్వాలి. పిల్ల రాకున్నా ఫీజు తగ్గదు. జ్వరం, విరేచనాలు, కళ్లకలక ఉన్న పిల్లను తీసుకురావద్దు. సాయంత్రం ఆరు దాటితే అర్ధగంటకు ముప్పై రూపాయలు.

ఎల్లేశం అది చదివి నవ్వాడు. "మా సేటు సుతం గిట్ల రాస్తే ఎంత మంచిగుండు! సాంచ ఆగినా కూలి ఆగదని." కాసేపటికి నవ్వు ఆపి, "ఇస్తరంటవా?" అని అడిగాడు. హేమలత కాగితాన్ని తలుపు వెనక అంటించింది. తల్లులు వచ్చి చదివారు. ఎవరూ కాదనలేదు. రజిత మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కొని రెండుసార్లు చదివి, తల ఊపి పోయింది.

ఇప్పుడు ఆ రజిత ఫోను మోగి మోగి ఆగిపోతోంది. ఫ్యాక్టరీలో ఫోన్లు లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర పెట్టెలో వేసి పోవాలి. సాయంత్రం పని దిగేదాకా తీయనివ్వరు. రజిత భర్త మహారాష్ట్రలోని భివండీలో సాంచాల మీద ఉన్నాడు. అత్త కోరుట్లలో. ఇక్కడ పిలిస్తే పలికే మనిషి ఇంకెవరూ లేరు.

హేమలత తడిగుడ్డతో పిల్ల ఒళ్లు తుడవడం మొదలుపెట్టింది. నాలుగోసారి గుడ్డ పిండుతుండగా అక్షిత ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకుంది. కళ్లు పైకి తేలిపోయాయి. చేతులు, కాళ్లు కొట్టుకోసాగాయి. పెదవుల మూల నుంచి నురగ వచ్చింది.

"ఓ దేవుడా! ఇనుము పెట్టాలె, చేతుల ఇనుము పెట్టాలె!" మొగిలవ్వ తాళంచెవుల కోసం లేచింది. పిల్లలంతా గోడకు అతుక్కొని చూస్తున్నారు. నోట్లో నురగ గొంతుకు అడ్డం పడుతుందేమోనన్న భయంతో హేమలత పిల్లను పక్కకు తిప్పి పట్టుకుంది. ఒక్క నిమిషమో, రెండు నిమిషాలో. ఆమెకు మాత్రం ఆ బిగిసిన ఒళ్లు తన చేతుల్లో పూట సేపు ఉన్నట్టే అనిపించింది. తర్వాత పిల్ల మెత్తబడి, గుడ్డపేలికలా వేలాడిపోయింది.

"అవ్వా, నేను దవాఖానకు పోతున్న. పిల్లలు పైలం. తలుపుకు గొళ్లెం పెట్టుకో."

"గిందర్ని ఒక్కదాన్ని ఎట్ల బిడ్డా?"

హేమలత అప్పటికే సందులో పరుగెత్తుతోంది. కిరాయి కోసం దాచిన రెండు వేలు రవికెలో ఉన్నాయి. కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి ఆటో ఎక్కాక తెలిసింది.

జ్వరం ఎక్కువై వచ్చిన ఫిట్స్ అని పిల్లల డాక్టరు చెప్పింది. సూది వేసింది. రెండు గంటలు కళ్ల ముందు ఉంచమంది. "తల్లివి నువ్వేనా?" అని అడిగింది.

"కాదు మేడం. మా కాడ పొద్దంత ఉంటది."

"జ్వరం ఎప్పటి నుంచి ఉంది?"

హేమలతకు తెలియదు. పొల్లను కన్నతల్లికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆమె తల వంచుకొని, "రాత్రి నుంచి కావచ్చు" అంది. మందులతో కలిపి పదహారు వందల యాభై అయింది.

రెండున్నరకు అక్షిత కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. హేమలత మళ్లీ ఆటో పిలిచి ఇంటికి కాకుండా ఫ్యాక్టరీ గేటుకు పోనిమ్మంది. ఎండ నెత్తిన కొడుతోంది. గేటులో వాచ్‌మన్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు.

"రజిత అనేటామె, మూడో లైన్ల కుడుతది. ఆమె బిడ్డకు ఫిట్స్ అచ్చినయ్. జెర పిలువు తమ్మీ."

వాచ్‌మన్ పిల్లను చూశాడు. "గిట్ల నడిమిట్ల పిలువరాదక్కా. సారు స్లిప్పు రాయాలె."

"అయితే రాయమను."

"సారు మీటింగుల ఉన్నడు."

"మీటింగయ్యేదాంక ఈడనే నిలబడ్త."

అతను కాసేపు అటూ ఇటూ చూసి, కుర్చీ లేపి నీడలో వేశాడు. లోపలికి పోయి వచ్చాడు. రజిత బయటికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. బిడ్డను చూడగానే పరుగెత్తుకొచ్చింది. పిల్లను గుంజుకొని గుండెకు అదుముకొని గేటు ముందే దుమ్ములో కూలబడింది.

ఆటో సగం దూరం పోయేదాకా హేమలత రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. మాట్లాడితే ఏం అంటుందో ఆమెకే భయంగా ఉంది. చివరికి అడిగింది.

"మందు తాపి తెచ్చినవ్ గదా?"

"తాపిన."

"పిల్ల నా చేతులల్లనే పోతే ఏం జేద్దు? లోకం ఎవర్నంటది? నన్నే గదా."

రజిత ఏడుస్తూనే ఉంది. కొంచెం తేరుకున్నాక, నేరం ఒప్పుకునే మనిషిలా కాకుండా లెక్క అప్పజెప్పే మనిషిలా మెల్లగా చెప్పింది.

"రాత్రి నుంచే ఉన్నదక్కా జొరం. పొద్దుగాల నీకు చెప్తే తోల్కపొమ్మంటవ్. ఇంట్ల ఉంటే మూడొందల ఎనభై కూలి పోతది. ఒక్క దినం తప్పినా నెల మీద హాజరు బోనసు ఎనిమిది వందలు పోతది. నీ ఫీజు అయితే పిల్ల రాకున్నా తగ్గదని రాస్తివి. అటు పాయె, ఇటు పాయె. మందు తాపితే తగ్గుతదనుకున్న. మొన్న తగ్గింది. ఇయ్యాల సుతం తగ్గుతదనుకున్న."

తిడదామని హేమలత పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఆ కాగితం రాసేటప్పుడు ఆమె కళ్ల ముందు ఉన్నది తన కిరాయి, మొగిలవ్వ జీతం, పాలవాడి చిట్టీ. జ్వరం రాసింది ఒక వరుసలో, ఫీజు రాసింది ఇంకో వరుసలో. ఆ రెండు వరుసల నడుమ ఒక తల్లి ఇట్లా నలుగుతుందని తట్టలేదు.

"ఇయ్యాల ఏం కట్ జేస్తరు?"

"సగం కూలి. బోనసు ఎట్లయినా పోయినట్టే. సారు అన్నడు, ఇంట్ల పిల్లల్ని సూసుకునేటోళ్లు లేకుంటే పనికి రాకుండ్రి అని."

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. సందు మొదట్లోనే విజయ మేడం స్కూటీ కనిపించింది. మేడం గడప దగ్గర నిలబడి ఉంది. అరవింద్ ఆమె కాళ్లు పట్టుకొని ఎక్కిళ్లు పెడుతున్నాడు. లోపల మొగిలవ్వ చెమటలో తడిసి, ఒకరిని ఒళ్లో, ఇద్దరిని చెరో పక్కన పెట్టుకొని ఉంది. నేల మీద ఒలికిన పాలు ఎవరూ తుడవలేదు.

"ఎటు పోయినవ్ హేమలతా? నేను అచ్చేసరికి మా వాడు చెప్పుల కాడ ఒక్కడే కూసోని ఏడుస్తుండు. ముసలామె ఒక్కతే ఇంతమందిని ఎట్ల పడ్తది?"

"తప్పే మేడం" అంది హేమలత. నిజంగానే తప్పనిపించింది. "ఈ పొల్లకు ఫిట్స్ అచ్చినయ్. ఇంకో దారి లేకుండె."

మేడం చూపు అక్షిత మీదికి పోయింది. ఒక అడుగు వెనక్కి వేసి కొడుకును తన వెనక్కి లాక్కుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. పోయినేడు హేమలతకు దగ్గు తిరగబెట్టినప్పుడు తానే మందులు కొని తెచ్చి ఇచ్చింది. కానీ ఇప్పుడు కొడుకు చెయ్యి వదలలేదు.

"ఏ జ్వరమో ఏమో. నువ్వు రాసి పెట్టినవ్ గదా, జ్వరమున్నోళ్లు రావద్దని. మేము పాటిస్తున్నం. వీళ్లు పాటించకుంటే మా వానికి అంటుకోదా? ఇట్లాంటోళ్లను తీసెయ్యాలె నువ్వు."

రజిత గడప దాటబోయి అక్కడే ఆగిపోయింది. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. హేమలత ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగి, "పో, చాప మీద పండవెట్టు" అంది.

మేడం హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "ఐదో తారీఖు నిన్ననే దాటింది, మర్చిపోయిన. దసరా సెలవులకు పదమూడు రోజులు మేము జగిత్యాల్లనే ఉన్నం, మా అమ్మోళ్లింట్ల. వాడు రాలేదు గదా. అవి తీసేస్తే పదిహేడు వందలు." నోట్లు చాచింది.

హేమలత ఆ నోట్ల వైపు చూసింది. రవికెలో మిగిలింది రెండు వందల పైచిలుకు. కిరాయి అడగడానికి ఇంటాయన రేపో ఎల్లుండో వస్తాడు. పదిహేడు వందలు అందుకొని, మిగతాది మెల్లగా అడగవచ్చు. అడగకుండా ఊరుకోనూ వచ్చు. ఇన్నాళ్లూ అదే చేసింది.

"రాకున్నా తగ్గదని రాసిన గద మేడం."

"చూసిన. కాని న్యాయముండాలె హేమలతా. రాని రోజులకు ఎవలన్న పైసలిస్తరా? మాకేం ఊకె రావు. ఇంటి లోను కట్టాలె. మా ఆయన జీతం కిస్తీలకే సరిపోతది."

హేమలత అరవలేదు. అరిచే ఓపిక ఆమెకు లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టుగా అడిగింది.

"దసరా సెలవులల్ల మీకు జీతం రాలేదా మేడం?"

మేడం నోట్లను వేళ్ల మధ్య మడిచింది. "వచ్చింది. అది సర్కారు రూలు. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"మంచి రూలే మేడం. మీరు బడికి పోకున్నా మీ ఇంట్ల పొయ్యి మండాలె గదా. మీ వాడు రాకున్నా నా ఇంట్ల సుతం మండాలె. గా పదమూడు దినాలు ఈ అవ్వ అచ్చింది. కిరాయి నడిచింది. మీ వాని జాగల ఇంకొకల్ని పెట్టుకోలే నేను."

"అట్లయితే వీళ్లందరు గూడ ఇస్తున్నరా?"

"ఇయ్యమనే రాసిన. ఇయ్యాల తెల్సింది, తప్పు రాసిన." హేమలత ఒకసారి లోపలికి చూసింది. చాప మీద రజిత బిడ్డ పాదాలు రుద్దుతోంది. "దానికి పిల్ల కోసం ఇంట్ల ఉంటే కూలి ఉండదు, బోనసు ఉండదు. ఆడ సుతం కోసి, ఈడ సుతం కోస్తే అది జొరమున్న పిల్లనే తెస్తది. ఎవరైనా తెస్తరు. అందుకే పిల్లకు పానం బాగలేక కూలి పోయిన దినాలకు నేను దాని కాడ తీస్కోను. జీతం ఆగనోళ్లు మాత్రం నాది ఆపద్దు."

"అంటే నాకొక రూలు, వాళ్లకొక రూలా?"

"అవును మేడం."

మేడం ముఖం ఎర్రబడింది. "ఊర్ల ప్లే స్కూళ్లకు కొదువ లేదు, తెల్సా? ఏసీ గదులు, కెమెరాలు ఉన్నయ్."

"ఉన్నయ్ మేడం."

"పదిహేడు వందలు తీస్కుంటవా, తీస్కోవా?"

లోపలి నుంచి రజిత గొంతు వినబడింది. "అక్కా, నా కోసం లొల్లెందుకక్కా. తీస్కో."

హేమలత చెయ్యి కొంచెం కదిలింది. ఆ చెయ్యి డబ్బుల కోసం లేస్తుందేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మొత్తం ఉన్ననాడు ఇయ్యుండ్రి మేడం. తక్కువ తీస్కోను."

మేడం నోట్లు బ్యాగులో పడేసుకొని, కొడుకును ఎత్తుకొని చరచరా వెళ్లిపోయింది. అరవింద్ తల్లి భుజం మీది నుంచి వెనక్కి చూస్తూ, ఏడుపు మరిచిపోయి, "బాయ్ హేమమ్మా" అన్నాడు. రోజూ అన్నట్టే అన్నాడు. హేమలత చెయ్యి ఊపింది.

గదిలో అక్షిత ఒంటి వేడి తగ్గి నిద్రలోకి జారుకుంది. మిగతా పిల్లలకు ఆకలి గుర్తొచ్చి గునుస్తున్నారు. మొగిలవ్వ లేచి పాత గుడ్డ తెచ్చి పాలు ఒలికిన చోట తుడవసాగింది. తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మేడం ఇగ రాకుంటే, మల్ల నా పైసలు?"

ఆ ప్రశ్న వస్తుందని హేమలతకు తెలుసు. మూడు వేలంటే సరిగ్గా మొగిలవ్వ జీతం.

"నీయి ఆగయ్ అవ్వా" అంది. ఎట్లా ఆగవో ఆమెకు తెలియదు.

మొగిలవ్వ నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. గుడ్డ పిండడానికి బయటికి పోయి, వాకిట్లోనే నిలబడిపోయింది.

"బండి చప్పుడైతే వినబడలే" అంది. "పొయ్యిందా?"

హేమలత చంటిపిల్లను ఎత్తుకొని గడపలోకి వచ్చి చూసింది. సందు మొదట్లో స్కూటీ నిలబడే ఉంది. మేడం బండి మీద కూర్చొని ఉంది. ముందు నిలబెట్టిన కొడుకు హారన్ మీద చెయ్యి వేస్తే తీసేస్తోంది. వాడు మళ్లీ వేస్తున్నాడు. బ్యాగు ఒళ్లో ఉంది. ఆమె తాళం తిప్పడం లేదు, దిగడమూ లేదు.

"వస్తదంటవా బిడ్డా?"

చంకలోని పిల్ల ఏడుపు మొదలుపెడితే, హేమలత కళ్లు సందు మీది నుంచి తిప్పకుండానే దాని వీపు తడుతూ నిలబడింది.